ముఖం చెరిగినా పేరు మిగలాలి

జగిత్యాల జిల్లా ధర్మపురిలో లక్ష్మీనరసింహస్వామి ఆలయ ప్రాంగణంలోనే యమధర్మరాజుకు కూడా గుడి ఉంది. యముడికి గుడి ఉండడమే అరుదు. జనం గోదావరిలో మునిగి, నరసింహుణ్ణి దర్శించి, పక్కనున్న యముడికీ ఒక దండం పెట్టుకొని ఇళ్ళకు పోతారు. అదే గోదావరి ఒడ్డున పితృకర్మలు కూడా జరుగుతూ ఉంటాయి. తండ్రికొకటి, తాతకొకటి, ముత్తాతకొకటి, మూడు పిండాలు. వాటికి కళ్ళు లేవు, ముక్కు లేదు, మీసం లేదు. ఉత్త అన్నపు ముద్దలు.

కాస్త ఆలోచిస్తే ఇది వింతగానే తోస్తుంది. మృత్యువును ఎవరూ చూడలేదు. దానికి మనవాళ్ళు విగ్రహం చెక్కించి గుడి కట్టారు. చనిపోయిన మనిషిని ఊరందరూ చూశారు, నిన్నమొన్నటి దాకా అతనితో మాట్లాడారు. అతణ్ణి మాత్రం ఆకారం లేని ముద్దగా మార్చారు. కనబడనిదానికి రూపం ఇచ్చి, కనబడినవాడి రూపం తీసేశారు.

నైరూప్య చిత్రకళ పడమటినుంచి దిగుమతి అయిందనీ, పల్లెటూరివాడికి అది అర్థం కాదనీ చాలామంది అనుకుంటారు. చావు విషయంలో మన పల్లెలు ఎప్పటినుంచో నైరూప్యాన్నే ఆశ్రయించాయి. కాబట్టి చిత్రకళ చదివే ఒక విద్యార్థి మరణాన్ని వస్తువుగా తీసుకుని రూపాన్ని చెరిపివేస్తూ పోయినప్పుడు, అది మనకు కొత్త సంగతేమీ కాదు. అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. రూపం పోయాక ఏది మిగలాలి?

ఈ ప్రశ్న నన్ను పట్టుకోవడానికి కారణం అలాంటి ఒక విద్యార్థే. ఇబ్రహీంపట్నం మండలంలోని ఒక పల్లె నుంచి హైదరాబాదు వెళ్ళి చిత్రకళ చదివిన కుర్రవాడు. పేరు చెప్పను. ఇబ్రహీంపట్నం, మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల సంగతి తెలిసినవారికి గల్ఫు గురించి విడమరచి చెప్పనక్కరలేదు. మస్కటుకు పోయినా, రియాదుకు పోయినా, షార్జాకు పోయినా, మా వైపు వాటన్నిటి పేరూ దుబాయే. ఈ కుర్రవాడి చిన్నాయన దుబాయి పోయి, పెట్టెలో తిరిగివచ్చాడు. పెట్టెతోబాటు వచ్చే కాగితాలు కొన్ని ఉంటాయి. మరణ ధ్రువపత్రం, శవం చెడిపోకుండా మందులు పట్టించినట్టు మరో పత్రం, రాయబార కార్యాలయం వారి నిరభ్యంతర పత్రం, రద్దయినట్టు ముద్ర పడ్డ పాస్‌పోర్టు. ఆ పాస్‌పోర్టులోని ఫొటోను అతను జిరాక్స్ తీశాడు. ఆ జిరాక్సుకు మళ్ళీ జిరాక్స్, దానికి మళ్ళీ జిరాక్స్. ఇలా నలభై కాగితాలు. మొదటిదానిలో మనిషి ఉన్నాడు. పదోదానికి కళ్ళు రెండు గుంటలయ్యాయి. ఇరవయ్యోదానికి మీసమూ పెదవీ ఒక్కటయ్యాయి. నలభయ్యోది బూడిదరంగు మరక. అంతే. వాటిని గోడకు వరుసగా తగిలించాడు. అదే అతని ప్రాజెక్టు.

కాలేజీలో మెచ్చుకున్నారట. ఇంట్లో వాళ్ళ నానమ్మ ఆ చివరి కాగితాన్ని చేతిలోకి తీసుకుని చూసి, "గిండ్ల నా కొడుకు ఏడున్నడు బిడ్డా?" అని అడిగిందట. ఈ మాట చెప్పి కుర్రవాడు నవ్వబోయాడు, నవ్వలేకపోయాడు. ఆధునిక కళ తెలియక ఆమె అలా అడిగిందని నేననుకోను. ఆ ప్రాజెక్టుకు వచ్చిన అసలైన విమర్శ అదే. నైరూప్యంగా పనిచేసే ప్రతి కళాకారుడూ జవాబు చెప్పుకోవలసిన ప్రశ్న.

అలాగని ఆమెకు కావలసింది ఫ్లెక్సీయేనా? మా ఊళ్ళలో ఎవరైనా పోతే చౌరస్తాలో ఫ్లెక్సీ కడతారు. పెళ్ళిఫొటోలోంచో, ఆధారుకార్డులోంచో తలను కత్తిరించి, ఎన్నడూ తొడగని కోటుకూ టైకీ అతికిస్తారు. వెనక మబ్బులు, పైన శ్రద్ధాంజలి, కింద నివాళి అర్పించేవారి ఫొటోలు. ఒక్కోసారి పోయినవాడి కంటే నివాళి అర్పించేవాళ్ళే ఎక్కువ కనబడతారు. కొన్నాళ్ళకు అది ఏ పశువుల కొట్టం మీదో, గడ్డివాము మీదో కప్పుగా చేరుతుంది. ఎండకు ముందుగా ఎరుపూ పసుపూ వెలిసిపోయి ముఖం నీలంగా మిగులుతుంది. కుర్రవాడు జిరాక్స్ యంత్రంతో నలభై మెట్లలో చేసిన పనిని ఎండ రెండు వేసవుల్లో చేసిపెడుతుంది. ముఖాన్ని పట్టుకుని వేలాడినంత మాత్రాన మనిషి నిలవడు.

కనుక ముఖం ఉండాలా వద్దా అన్న తగవు నాకు ముఖ్యం కాదు. మళ్ళీ పిండం దగ్గరికే వస్తాను. పిండానికి ముఖం లేదు గానీ, దాన్ని పెట్టేటప్పుడు పేరూ గోత్రమూ చెప్పాలి. తండ్రిని వసురూపునిగా, తాతను రుద్రరూపునిగా, ముత్తాతను ఆదిత్యరూపునిగా భావించాలని శాస్త్రం. ఇంతకంటే నైరూప్యం ఏముంటుంది? అయినా పేరు పలకకుండా ఆ ముద్ద పిండం కాదు. నాలుగో తరం వచ్చేసరికి పైనున్న పెద్ద ఆ మూడింటిలోంచి జారిపోతాడు. అంటే రూపం మొదట పోతుంది, పేరు మూడు తరాల పాటు నిలుస్తుంది, ఆ తరువాత అదీ పోతుంది. మరపుకు కూడా ఒక క్రమం పెట్టుకున్నారు మనవాళ్ళు.

అన్ని కులాలవారూ ఈ తంతు ఇలాగే చేయరు. కాని పెత్రమాస నాడు పెద్దల పేరు చెప్పి బియ్యం ఇచ్చే ఇళ్ళు తెలంగాణలో లెక్కలేనన్ని. అక్కడా బియ్యానికి ఆకారం లేదు, పేరు మాత్రం ఉంది. ఆ సాయంత్రమే ఎంగిలిపూల బతుకమ్మ కూడా.

ఇబ్రహీంపట్నం పేరులోనే ఉన్న మరో సంప్రదాయం సంగతి చూడండి. మొహర్రం నెలలో మా పల్లెల్లో పీరీలు లేస్తాయి. తురకలూ హిందువులూ కలిసి ఎత్తుకుంటారు. కర్బలా యుద్ధంలో ప్రాణాలు విడిచినవారికీ, వారి కుటుంబీకులకూ గుర్తులవి. కర్రకు తొడిగిన లోహపు పంజా, దాని చుట్టూ రంగురంగుల దట్టీలు. ఎక్కడా మనిషి బొమ్మ లేదు. బొమ్మ కూడదన్న నియమం ఉంది. కాని ఏ పీరీ ఎవరిదో ఊళ్ళో పిల్లవాడికి కూడా తెలుసు. ఇది హసన్, అది హుసేన్, అది కాసిం, అది అబ్బాస్. పంజాలన్నీ దాదాపు ఒకలాగే ఉంటాయి. వాటిని వేరు చేసేది పేరే.

ఇక దింపుడు కళ్ళం. పాడెను దారిలో ఒకచోట దించి, చనిపోయినవాడి చెవిలో దగ్గరివాళ్ళు పేరుపెట్టి మూడుసార్లు పిలుస్తారు. ప్రాణం ఉంటే పలుకుతాడేమోనన్న చివరి ఆశ. భాషలోకి సామెతగా ఎక్కేంత గట్టి ఆశ. గల్ఫునుంచి పెట్టె వచ్చిన ఇంటికి ఆ ఆశ కూడా లేదు. చనిపోయి వారాలో నెలలో గడిచాయి, మేకులు కొట్టిన పెట్టె. పలుకుతాడని ఎవరూ అనుకోరు. అయినా పిలవవలసిన పేరు ఒకటి మిగిలే ఉంటుంది. నానమ్మ అడిగిన ప్రశ్నకు అర్థం అదేనని నాకనిపిస్తుంది. ముఖం ఏమయిందని ఆమె అడగలేదు, నా కొడుకు ఏడని అడిగింది.

ఈ విషయంలో ప్రపంచం మొత్తం మీద ప్రసిద్ధికెక్కిన ఉదాహరణ కూడా ఒక విద్యార్థి ప్రాజెక్టే. 1981లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో చదువుతున్న మాయా లిన్ అనే 21 ఏళ్ళ అమ్మాయి, మృతుల స్మారక నిర్మాణాల గురించిన తరగతి కోసం ఒక నమూనా తయారుచేసింది. దాన్నే వియత్నాం యుద్ధంలో చనిపోయిన అమెరికను సైనికుల స్మారకం కోసం పెట్టిన పోటీకి పంపింది. వచ్చినవి 1,421 నమూనాలు. పంపినవారి పేర్లు న్యాయనిర్ణేతలకు తెలియవు. గెలిచింది ఆమెదే. తరగతిలో మాత్రం దానికి వచ్చింది బి గ్రేడు. నేలను కోసినట్టుగా కిందికి దిగే రెండు నల్లరాతి గోడలు. సైనికుడి బొమ్మ లేదు, జెండా లేదు, గుర్రం లేదు. ఆ నల్లరాయి మన బెంగుళూరునుంచే వెళ్ళింది. కరీంనగర్ గుట్టలు గ్రానైటు పలకలై ఓడలెక్కడం చూస్తున్న మాకు ఈ సంగతి ఒక పట్టాన మరపుకు రాదు.

అది సిగ్గుచేటయిన నల్లని గాయంలా ఉందని చాలామంది ఆగ్రహించారు. మాకు మనుషుల బొమ్మలు కావాలన్నారు. ఆ ఒత్తిడివల్ల 1984లో ముగ్గురు సైనికుల కంచువిగ్రహాలను కొద్ది దూరంలో నిలబెట్టారు. అయినా జనం వచ్చి ఏడ్చేది గోడ దగ్గరే. ఎందుకంటే ఆ గోడ మీద 58,000కు పైగా పేర్లున్నాయి. అకారాది క్రమంలో కాదు, చనిపోయిన తేదీల వరుసలో. ఒకే రోజు ఒకేచోట పోయిన మిత్రులు రాతిమీద కూడా పక్కపక్కనే ఉంటారు. వచ్చినవాళ్ళు తమవాడి పేరుమీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసుకుపోతారు. నునుపు చేసిన నల్లరాతిలో చదివేవాడి ముఖం కనబడుతుంది, చనిపోయినవాడి ముఖం ఉండవలసిన చోట. మాయా లిన్ రూపాన్నంతా తీసేసింది, ఒక్క పేరును కూడా తీసేయలేదు. ఆ పేర్లే లేకపోతే అది మంచి రాతిగోడ మాత్రమే.

మన దగ్గర ఇలాంటి పని జరగలేదా? హైదరాబాదులో శాసనసభ ఎదుటి గన్‌పార్కులో 1969 ఉద్యమ అమరవీరుల స్తూపం ఉంది. శిల్పి ఎక్కా యాదగిరిరావు. 1970లో పునాదిరాయి పడి 1975లో పూర్తయింది. నల్లరాతి పీఠం, దానిమీద తూటాల గుర్తులు, ఎర్రరాతి స్తంభం, దానిపై తొమ్మిది గీతలు, కొసన తొమ్మిది రేకుల తెల్లని పువ్వు. తూటాకు ఒరిగిన విద్యార్థి బొమ్మగానీ, ఏడుస్తున్న తల్లి బొమ్మగానీ లేదు. ఈ తొమ్మిది అనే అంకెను గమనించండి. అవి నాటి తెలంగాణలోని తొమ్మిది జిల్లాలు. 1978లో రంగారెడ్డి జిల్లా ఏర్పడి పది అయ్యాయి. 2016లో జగిత్యాల, సిరిసిల్లలతో సహా ముప్పై ఒకటి, 2019లో ముప్పై మూడు. పటం ఎన్నిసార్లు మారినా రాతిమీద తొమ్మిదే. ఆ చావులు ఏ కాలానివో, ఏ నేలవో ఆ అంకె పట్టి ఉంచింది. ఇంకెక్కడి అమరులకో ఆ స్తూపాన్ని అరువివ్వడం కుదరదు.

2023 జూన్ 22న హుస్సేన్‌సాగరం ఒడ్డున ప్రారంభమైన కొత్త అమరుల స్మారకాన్ని దీని పక్కన పెట్టి చూడండి. దీపం ఆకారంలో తళతళలాడే ఉక్కు నిర్మాణం. పనితనాన్ని తప్పుపట్టలేను. లోపల ప్రదర్శనశాల కూడా ఉంది. కాని బయటి రూపం ఎవరి దీపమో చెప్పదు. ఆ దీపాన్ని విద్యాలయం ముందు పెట్టినా, విమానాశ్రయం ముందు పెట్టినా అతికినట్టే ఉంటుంది. నైరూప్యం ఎక్కువ కావడం దాని లోపం కాదు. పట్టుకొమ్మ లేకపోవడమే లోపం. అయితే గన్‌పార్కు స్తూపం విషయంలో కూడా మనం గర్వపడవలసిందేమీ లేదు. 369 మంది అని ఉద్యమకారులు చెప్పే ఆ సంఖ్యలోంచి పది పేర్లు చెప్పగలిగినవారు మనలో ఎందరు?

పేరులేని నైరూప్యం ఎంత అన్యాయం చేయగలదో చెప్పడానికి మన పొలిమేరల్లోనే సాక్ష్యం ఉంది. వీరగల్లులు మీరు చూసే ఉంటారు. కింద యుద్ధం, మధ్యలో అప్సరసలు స్వర్గానికి తీసుకుపోవడం, పైన లింగపూజ, కొసన సూర్యచంద్రులు. వాటి మధ్య అక్కడక్కడ సతీశిలలూ కనబడతాయి. వాటిలో కొన్నింటి మీద స్త్రీ బొమ్మ ఉండదు. స్తంభంలోంచి పొడుచుకొచ్చిన ఒక చెయ్యి, మోచేతి దగ్గర వంగి పైకెత్తినది, నిండా గాజులు. అంతే. శిల్పంగా చూస్తే అద్భుతమైన సంక్షిప్తి. కాని ఆ చెయ్యి ఎవరిది? ఆమె వయసెంత? ఇష్టపడి వెళ్ళిందా, ఈడ్చుకెళ్ళారా? ఆ గాజుల చెయ్యి చూసేవాణ్ణి ఈ ప్రశ్నలేవీ అడగనివ్వదు. మంటను తీసేసింది, కేకను తీసేసింది, మనిషిని తీసేసింది, సౌభాగ్యాన్ని మాత్రం ఉంచింది. ఏది తీసేయాలో ఏది ఉంచాలో నిర్ణయించేది ఎవరన్నదే నైరూప్యంలోని అసలు రాజకీయం.

కాబట్టి మరణాన్ని వస్తువుగా తీసుకున్న విద్యార్థులకు నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. తీసేయండి, మీ ఇష్టం. ముఖం తీసేయండి, శరీరం తీసేయండి, రంగు తీసేయండి. కాని ఒక్క మొండి నిజాన్ని ఉంచండి. పేరు కావచ్చు, తేదీ కావచ్చు, సంఖ్య కావచ్చు, ఒక వస్తువు కావచ్చు. ఎవరి చావో చెప్పేదేదో ఒకటి.

కళ లెక్కలపుస్తకం కాదు గదా, చెప్పకుండా చెప్పడమే గదా దాని పని అని ఆక్షేపించవచ్చు. దానికి ఇద్దరు పెద్ద కళాకారుల పని చూపిస్తాను. సోమనాథ్ హోర్ (1921-2006) యువకుడిగా 1943 నాటి బెంగాల్ కరువును కళ్ళారా చూసి, ఆకలితో చనిపోతున్నవారిని ఉన్నది ఉన్నట్టు గీశాడు. 1970లలో 'గాయాలు' అన్న పేరుతో చేసిన పనిలో మనిషి లేడు, సిరా కూడా లేదు. తెల్లని కాగితపు గుజ్జు మీద తెల్లని కోతలూ గుంటలూ. కాని ఆ తెలుపు వెనక ముప్పై ఏళ్ళ నాటి ఆ బొమ్మలున్నాయి. వాటిని గీసిన చేతికే ఆ తెల్లని గాయం దక్కింది. ఇక జర్మను చిత్రకారుడు గెర్హార్డ్ రిక్టర్. 1944లో బిర్కెనౌ నిర్బంధ శిబిరంలో ఖైదీలు ప్రాణాలకు తెగించి రహస్యంగా తీసిన నాలుగు ఛాయాచిత్రాలను, 2014లో అతను నాలుగు పెద్ద కాన్వాసుల మీదికి ఎక్కించాడు. వాటిమీద రంగు పూసి, గీకి, మళ్ళీ పూసి, చివరికి ఆ దృశ్యాలు బొత్తిగా కనబడకుండా చేశాడు. ఆ భయానకాన్ని బొమ్మగా అమ్ముకోకూడదని కావచ్చు. కాని ఆ చిత్రాలను ప్రదర్శించేటప్పుడు మూలమైన నాలుగు ఛాయాచిత్రాల ప్రతులను కూడా అదే గదిలో పెట్టించాడు. చూసేవాడికి తప్పించుకునే వీలివ్వలేదు.

దీనికి విరుద్ధంగా మన విద్యార్థి ప్రదర్శనల్లో చావు అనగానే కనబడేవి ఏమిటి? నల్లరంగు, కొవ్వొత్తి, పుర్రె, ఎండిన చెట్టు. రైతు అంటే ఉరితాడు, బీటలువారిన నేల. సిరిసిల్ల నేతపనివారి ఆత్మహత్యల మీద బొమ్మ వెయ్యమంటే నూలుపోగే ఉరితాడుగా మారడం. ఇవి నైరూప్యాలు కావు, తయారుగా దొరికే సరుకు. ఆ మగ్గం మీద ఆ రోజు ఎన్ని మీటర్ల గుడ్డ దిగింది, మీటరుకు కూలి ఎంత వచ్చింది, అప్పు ఎంత ఉంది, చివరిసారి సాంచా ఆగింది ఏ తేదీన అన్నవి తెలుసుకొని, ఆ కొలతతోనే ఒక తెల్లగుడ్డను గోడకు వేలాడదీస్తే చాలు. దానిమీద గీత గీయనక్కరలేదు. అది నైరూప్యమూ అవుతుంది, వాఙ్మూలమూ అవుతుంది.

ఆ ఇబ్రహీంపట్నం కుర్రవాడి పని ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉంది. మంచి పనే. యంత్రం ఒక ముఖాన్ని ఎలా అరగదీస్తుందో చూపించాడు. క్యాంపులూ, కంపెనీలూ, కౌంటర్లూ కూడా మనిషిని అలాగే అరగదీస్తాయి కాబట్టి ఆ పద్ధతి వస్తువుకు తగినదే. కాని నలభయ్యో కాగితం దగ్గర ఏమీ మిగలకపోవడం యంత్రం పక్షాన చేరిపోవడమే. కంపెనీకి కూడా చివరికి మిగిలింది మరకే గదా! అక్కడ, ఆ మరక ముందు నిలబడినవాడికి, నానమ్మ గొంతులో కొడుకు పేరు మూడుసార్లు వినిపిస్తే? బొమ్మ అదే, కాగితం అదే. కాని అప్పుడది దింపుడు కళ్ళం అవుతుంది. ఈ మాట అతనితో అన్నాను. ఆలోచిస్తానన్నాడు. చేయడమా మానడమా అన్నది అతని ఇష్టం. ఆ పేరును బయటి జనం ముందు పలకడమా మానడమా అన్నది మాత్రం ఆ ముసలమ్మ ఇష్టం. ఇంటివారు వద్దంటే పేరు చెప్పకూడదు. తేదీ చాలు, పాస్‌పోర్టు మీద పడ్డ ముద్ర చాలు.

మన ఊళ్ళలో చెట్లకింద పసుపు కుంకుమలు పూయించుకుంటూ ఎవరివో తెలియని రాళ్ళు ఎన్నో ఉన్నాయి. ఒకప్పుడు వాటికి పేర్లుండేవి. మీ ఊరి రాయి ఎవరిదో చెప్పగల ముసలివాళ్ళు ఇంకా ఉంటే, ఈసారి వెళ్ళినప్పుడు అడిగి రాసుకోండి. రాయి ఎటూ ఉంటుంది. పేరు చెప్పేవాళ్ళే ఉండరు.